పుల్లయ్య చేనులో న్యూఫౌండ్ రాయి

లోకంలో దేన్నైనా కనుక్కోవడం తేలిక, కనుక్కున్నామని సర్కారు చేత ఒప్పించడమే కష్టం. ఆదిమానవుడు నిప్పును కనుక్కోగలిగాడంటే అప్పటికి కడపలో ఉపకార్యాలయం తెరవలేదు కాబట్టి. తెరిచి ఉంటే ఆ మహానుభావుడు ఇప్పటికీ పచ్చిమాంసం నములుతూ, ఫారం ఏడు-బి చేతపట్టుకుని, మేడమెట్ల మీద కూర్చుని ఉండేవాడు.

ఆ ఉపకార్యాలయం పూర్తి పేరు 'కొత్తగా దొరికిన వస్తువుల ధ్రువీకరణ ఉపకార్యాలయం'. బోర్డు మీద అంత పేరు పట్టక చివరి మాటను పక్క గోడ మీద రాయించారు. ఆటోవాళ్ళు 'దొరికిందాని ఆఫీసు' అంటారు. నేలలోంచి గానీ గుట్టలోంచి గానీ చెరువు మట్టిలోంచి గానీ పాతకాలపు వస్తువేదైనా బయటపడితే దానికి 'న్యూఫౌండ్' అనే ఇంగ్లీషు విశేషణాన్ని మంజూరు చేయడం దాని పని. వేరే పనేమీ లేదు. న్యూఫౌండ్ అంటే కొత్తగా దొరికినది అని ఆరో తరగతి పిల్లోడు కూడా చెప్తాడు. ఆఫీసు మాత్రం అట్లా నోరుజారదు. వాళ్ళకు ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. ఆ మాట ఉన్న పేజీని ఎవరో శ్రద్ధగా చింపి, ఫైలుకు జతచేసి, అర్థం ఇదేనా అని అడుగుతూ హైదరాబాదుకు పంపారు. పేజీ తిరిగి రాలేదు. (నాలుగేళ్ళుగా అర్థం పరిశీలనలో ఉంది.) అందువల్ల అర్థం వచ్చేదాకా ఆ మాటను సర్క్యులర్లతో నెట్టుకొస్తున్నారు.

ఇవేవీ తెలియని అదృష్టవంతుడు పుల్లయ్య. రాయచోటి పక్కన ఎర్రబండపల్లెలో ఐదెకరాల మెట్టచేను, రెండెద్దులు, ఒక మడక, సుబ్బలక్ష్మమ్మ అనే భార్య, ఇవీ ఆయన ఆస్తిపాస్తులు. రెండేళ్ళు ఎండ తప్ప మరేదీ పండలేదు. 2007 జూన్ చివర్లో దేవుడు కన్ను తెరిచి ఒక పదును వాన కురిపించాడు. సుబ్బలక్ష్మమ్మ వేళ్ళు బొబ్బలెక్కేదాకా వేరుశనగ, అదే మా చెనిక్కాయలు, ఒలిచి విత్తనం సిద్ధం చేసింది. బుధవారం పొద్దున్నే పుల్లయ్య మడక కట్టాడు. పదకొండో సాలుకు కర్రు టంగుమంది. తవ్వి చూస్తే నిలువెత్తు బండ. దాని మీద కత్తి ఎత్తిన మనిషి, పక్కన గుర్రం, కింద నాలుగు వరసల అక్షరాలు.

తెలివైనవాడైతే మట్టి కప్పేసి పక్క సాలుకు పోయేవాడు. పుల్లయ్య కూడా పారతో రెండు పోట్లు మట్టి వేశాడు. మూడో పోటు వేసే లోపల గట్టు మీద తలారి సుంకప్ప నిలబడి ఉన్నాడు.

"ఏం పుల్లన్నా, ఏంది కప్పెడతాండావు?"

"ఏం ల్యా సుంకప్పా, రాయి."

"రాయిని ఎవురన్నా కప్పెడతారా? మొన్న వంకవతల గుప్తనిధుల కోసం తవ్వినోళ్ళను పోలీసులు యాడికి తీసకపోయినారో తెలుసు గదా. నేను చూసినా, ఇంగ చెప్పకపోతే నా ఉద్యోగం పోతాది. నువ్వే చెప్పుకో, మర్యాదగా ఉంటాది."

గుప్తనిధులన్న మాట వింటే మా వైపు ఎంత మొనగాడైనా చేతిలో పార కింద పెట్టేస్తాడు. రాత్రికి రాత్రి గుళ్ళలో గుంతలు తవ్వే ముఠాల పుణ్యమా అని, పగటిపూట సొంత చేలో గుంత తీసినవాడు కూడా ముందు నిర్దోషినని రుజువు చేసుకోవాలి. పుల్లయ్య సోమవారం కడప బస్సెక్కాడు. గువ్వలచెరువు ఘాటులో బస్సు ఆగినప్పుడు, ఆఫీసుకు వట్టి చేతుల్తో పోతే బాగుండదని పాలకోవా పొట్లం కొన్నాడు.

ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు వేణుగోపాల్ మంచి మనిషి. లంచం ముట్టడు. (పాలకోవా ఘాటురోడ్డు మీద దొరికేది కాబట్టి అది ప్రయాణ ప్రసాదం కిందికి వస్తుంది.) పొట్లం విప్పుతూ విషయమంతా ఓపిగ్గా విన్నాడు.

"రాయి అంటాండావు. అది రాయి అని ఎవురు చెప్పినారు?"

"నేనే సార్. కండ్లతో చూసినా."

"నువ్వు చూస్తే కాదప్పా. న్యూఫౌండ్ అనేది విశేషణం. ఒట్టి విశేషణం ఇచ్చే అధికారం మాకు ల్యా. దేనికో ఒకదానికి తగిలించాల. రాళ్ళ సంగతి చూసే ఆఫీసు వేరే ఉండాది. ఆడికి పోయి అది రాయేనని కాగితం తీసకరా, దాని ముందర మేం న్యూఫౌండ్ తగిలిస్తాం."

ఈ మాట చెప్తున్నప్పుడు వేణుగోపాల్ కుర్చీ కింద నాలుగు వైపులా నున్నటి కడప బండలే పరిచి ఉన్నాయి. పుల్లయ్య వాటి వైపు చూశాడు. ఆఫీసుల్లో చూడటం వరకే మర్యాద అని ఆయనకు తెలుసు.

"సార్, నేను అడిగేది ఒకటే. పదును ఆరిపోతాండాది. ఆ రాయి మీరు తీసకపోతే నేను విత్తనం వేసుకుంటా."

"తీసకపోతాం. కానీ మా ఇన్స్పెక్టర్ సారు వచ్చి చూసి న్యూఫౌండ్ అంటేనే తీసకపోతాం. అంతదాకా ఆ సర్వే నంబర్లో మడక పెట్టగూడదు. పెడితే సాక్ష్యం చెరిపినట్టు."

"న్యూఫౌండ్ కాదంటే?"

వేణుగోపాల్ కోవా నమలడం ఆపాడు. "కాదంటే ముందే తెలిసి దాచినట్టు అవుతాది. అది కేసు. దొరికిన రోజు నుంచి ముప్పై రోజులే న్యూఫౌండ్ కింద లెక్క. ఆ తర్వాత అది పాతది."

"మీ ఇన్స్పెక్టర్ సారు ఎప్పుడొస్తాడు సార్?"

"నలభై ఐదు పనిదినాల్లోపల."

పుల్లయ్య చదివింది అయిదో తరగతి. అయినా ముప్పై ఎంతో, నలభై ఐదు ఎంతో ఆయనకు తెలుసు. ఆ మాటే అన్నాడు. వేణుగోపాల్ మెచ్చుకోలుగా తలాడించాడు. "శానా బాగా కనుక్కున్నావు. కాకపోతే అది వేరే కనుక్కోవడం కిందికి వస్తాది. దానికి ఇంగో ఫారం."

ఆ పొద్దు నుంచి పుల్లయ్య కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు. రాళ్ళ ఆఫీసువాళ్ళు అది రాయేనని, అయితే ఏ రాయో చెప్పలేమని రాసిచ్చారు. తరువాత దొరికిందాని ఆఫీసువాళ్ళు ఊళ్ళో అందరికన్నా వయసైన మనిషి చేత 'నేను దీన్ని ఇంతకు ముందెన్నడూ చూడలేదు' అని సాక్ష్యం కావాలన్నారు. ఎర్రబండపల్లెలో అందరికన్నా వయసైనది పెద్దమ్మ. ఆమె పేరే అది. మంచంలో కూర్చుని, "నాకు కండ్లు కానరాక పదేండ్లాయ. ఆ రాయినే కాదు, నిన్ను గూడా చూల్యా. రాసుకో" అని వేలిముద్ర వేసింది. అంత కచ్చితమైన సాక్ష్యం తమ చరిత్రలోనే రాలేదని వేణుగోపాల్ దాన్ని నమూనాగా గోడకు అంటించుకున్నాడు. సుంకప్ప ఆ రాయిని మొదటి రోజే చూశాడు కదా, ఆయనా సర్కారు మనిషే కదా అని పుల్లయ్య అడిగితే, సుంకప్పది గౌరవవేతనమనీ, జీతం స్కేలు లేని కండ్లతో చూసినది చూసినట్టు కాదనీ తేలింది.

ఇట్లా ఆయన అక్కడ తిరుగుతుంటే ఇక్కడ చేనులో అసలు ప్రమాదం ముదిరిపోయింది. మొదలుపెట్టింది సుబ్బలక్ష్మమ్మ, అదీ ఆయన బస్సెక్కక ముందు, మొదటి శుక్రవారమే. తప్పు చేద్దామని చేసింది కాదు. కత్తి పట్టుకున్న మనిషి బురదలో పడుంటే మా వైపు ఏ ఆడమనిషికీ చేతులూరుకోవు. బిందెడు నీళ్ళు తెచ్చి కడిగింది. కడిగినాక పసుపు పూసింది. పసుపు పూసినాక బొట్టు పెట్టక తప్పదు, బొట్టు పెట్టినాక టెంకాయ కొట్టక తప్పదు. కొడుతూ, "సామీ, మా విత్తనం నేలలో పడేట్టు చూడు" అని మొక్కుకుంది. మొక్కులన్నింటిలోకీ చిన్న మొక్కు అది.

పక్క చేను ఆడవాళ్ళు రెండో శుక్రవారం వచ్చారు. మూడో శుక్రవారానికి వంకవతల ఊరి నుంచి ట్రాక్టరులో వచ్చారు. రాయికి పేరు లేకపోతే మొక్కుకోవడానికి ఇబ్బందిగా ఉందని సాలు వీరన్న అని పిలిచారు. ఎవరికో జ్వరం తగ్గింది. ఎవరిదో తప్పిపోయిన బర్రె ఇంటికొచ్చింది. (అది రోజూ వచ్చే వేళకే వచ్చిందని తరువాత తెలిసింది గానీ అప్పటికే పొంగలి పెట్టేశారు.) నాలుగు రేకులు వేసి పందిరి లేపారు. ఊరి యువజన సంఘంవాళ్ళు రాయచోటికి పోయి ఫ్లెక్సీ కొట్టించుకొచ్చారు. ఫ్లెక్సీ అంగట్లో దేవుళ్ళందరికీ ఒకటే నమూనా ఉంటుంది, పేరొక్కటి మారుస్తారు. ఆ లెక్కన చేనుగట్టు మీద ఇంతింత అక్షరాలు వెలిశాయి: 'అనాది కాలం నుండి పూజలందుకుంటున్న శ్రీ సాలు వీరన్నస్వామి వారి సన్నిధికి భక్తులకు స్వాగతం, సుస్వాగతం.'

ఇది మా సీమ మనుషుల గుణం. బుధవారం బయటపడిన దేవుణ్ణి శుక్రవారానికల్లా అనాది దేవుణ్ణి చేసేస్తారు. కొత్త అల్లుణ్ణి నమ్ముతారు, కొత్త ఎమ్మెల్యేను నమ్ముతారు గానీ కొత్త దేవుణ్ణి మాత్రం నమ్మరు. ఆ ఫ్లెక్సీ చూసి పుల్లయ్య దాని తాళ్ళు విప్పబోయాడు. పీకేద్దామంటే సంఘం పిల్లోళ్ళు ఊరుకోరు. పైగా దాని కింద శుభాకాంక్షలు చెప్తున్నవాళ్ళ బొమ్మల్లో ఆయన మేనల్లుడు కూడా నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు.

"ఎవురు రాయమన్నారే ఇట్ల?" అని ఇంటికొచ్చి భార్యను అడిగాడు.

"నేను పసుపే పూసినా, ఫ్లెక్సీ పూసినానా? నా మీద అరుస్తావేం. ఆ సామి నీ చేలో కాకపోతే నేను మొక్కేదాన్నే కాదు" అని సుబ్బలక్ష్మమ్మ మొహం తిప్పుకుంది. ఆమె కండ్లల్లో నీళ్ళు చూసి పుల్లయ్య ఎద్దులకు మేత వేయడానికి పోయాడు.

చుట్టుపక్కల చేలన్నీ పచ్చబడ్డాయి. ఒలిచిన విత్తనం మూటలో పురుగు పడుతోంది. రోజూ సాయంత్రం గట్టు మీద కూర్చుని పక్కవాళ్ళ చెనిక్కాయ చెట్లు పూత పట్టడం చూస్తుంటే పుల్లయ్యకు ఏడుపొచ్చేది. రెండేళ్ళు వాన రాక నష్టపోయాడు, దానికి ఆకాశాన్ని తిట్టుకున్నాడు. ఈ యేడు వానొచ్చింది, చేనుంది, విత్తనముంది, ఎద్దులున్నాయి. ఎవర్ని తిట్టుకోవాలో అంతుబట్టక నిఘంటువులో చిరిగిపోయిన ఆ పేజీనే తిట్టుకున్నాడు.

నలభై మూడో రోజు, గురువారం, ఇన్స్పెక్టర్ ప్రకాశం జీపు దిగాడు. టేపుతో రాయిని నిలువునా అడ్డంగా కొలిచాడు. పసుపు మందం కూడా కొలిచి రాసుకున్నాడు. సుబ్బలక్ష్మమ్మ ఇంట్లో సారుకు పెట్టడానికి ఏమీ లేక, మూటలోంచి పురుగు పట్టని గింజలు ఏరి వేయించి, బెల్లంముక్కతో పళ్ళెంలో పెట్టింది.

"చెనిక్కాయలు శానా బాగుండాయమ్మా. ఏ రకం?" అని అడిగాడు ప్రకాశం.

"విత్తనాలు సార్" అంది ఆమె.

ప్రకాశం పళ్ళెం ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, ఫ్లెక్సీ ముందుకు పోయి నిలబడ్డాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి పుల్లయ్య వైపు తిరిగాడు.

"ఏమప్పా, అనాది కాలం నుంచి అని ఉండాదే. నువ్వు జూన్లో అని రాసినావు."

"సార్, ఆ ఫ్లెక్సీ కట్టింది పోయిన మంగళవారం సార్. ఊరంతా చెప్తాది."

"నేను నమ్ముతా. నువ్వు అబద్ధమాడే మనిషి కాదని చూస్తేనే తెలుస్తాది. కానీ అది అచ్చులో ఉండాది, నీ మాట నోట్లో ఉండాది. నేను ఏది జతచేయాల?"

పుల్లయ్యకు నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. ఆయన నోట్లో ఉన్నదే పనికిరాదని అప్పుడే తేలింది కాబట్టి అదీ సబబే. ప్రకాశం ఫ్లెక్సీని ఫోటో తీసుకుని జీపెక్కాడు.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. (ఈ ఆఫీసు ఆలస్యం చేస్తుందని ఆడిపోసుకునేవాళ్ళు ఈ ఒక్క విషయం గమనించాలి.) సదరు రాయి అనాదిగా ఉన్నట్టు ముద్రిత ఆధారం లభించినందున, దాని ఉనికిని అనాదిగా తెలియజేయనందుకు పుల్లయ్య, ఆయన తండ్రి, తాత, ముత్తాతలపై చర్య ఎందుకు తీసుకోకూడదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, తాత ముత్తాతలు అందుబాటులో లేనిచో వారి తరఫున కూడా పుల్లయ్యే ఇవ్వాలి అని అందులో ఉంది. సుంకప్ప నోటీసు చదివి వినిపించి, "నేనప్పుడే అన్యా గదా, నువ్వే చెప్పుకుంటే మర్యాదగా ఉంటాదని" అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగలేదు. తెల్లారి పుల్లయ్య మళ్ళీ కడప బస్సెక్కాడు. ఘాటులో ఈసారి రెండు పొట్లాలు తీసుకున్నాడు. వేణుగోపాల్ బల్ల ముందు నిలబడి నోటీసు పెట్టి, చేతులు జోడించాడు.

"సార్, నన్ను ఏం జేసినా చేయండి. మా నాయన పోయి ముప్పై ఏండ్లాయ. ఆయన్ని ఎందుకు లాగుతాండారు? నా చేను ఇడిస్తే చాలు. చెనిక్కాయకు అదును పోయింది. ఉలవలన్నా చల్లుకుంటా."

చెప్పాను కదా, వేణుగోపాల్ మంచి మనిషని. ఆయనకు నిజంగానే మనసు కరిగింది. బీరువా తీశాడు, సర్క్యులర్లన్నీ దులిపాడు, దుమ్ముకు తుమ్మాడు, మధ్యాహ్నం మూడు దాకా అన్నానికి పోకుండా వెతికాడు. చివరికి ఒక కాగితం పట్టుకుని వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు.

"నీ పని అయిపాయ పుల్లయ్యా. ఈడ చూడు. 'దొరుకుట అనగా, జీతం స్కేలు గల ప్రభుత్వోద్యోగి కంట పడుట. అంతకు పూర్వం ఎవరు చూసినను, తాకినను, పూజించినను, వస్తువు దొరకనట్లే భావించవలెను.' అంటే ఏంది? ఆ రాయి జూన్లో దొరకల్యా. అనాదిగా అసలే దొరకల్యా. ఆగస్టు తొమ్మిదో తేదీ మా ప్రకాశం సారు జీపు దిగి చూసినాడే, అప్పుడు దొరికింది. ఇంగా ముప్పై రోజులు గూడా కాల్యా. పక్కా న్యూఫౌండ్."

"అంటే కేసు లేదా సార్?"

"దొరకనిదాన్ని నువ్వు యాడ దాస్తావప్పా? కేసు ల్యా. మీ నాయన మీద గూడా ల్యా."

పుల్లయ్యకు ప్రాణం లేచొచ్చింది. బల్ల దాటి పోయి ఆ మనిషి కాళ్ళు పట్టుకుందామన్నంత సంతోషం కలిగింది. వేణుగోపాల్ అప్పటికప్పుడే ఫారం ఏడు-బి తీసి, గుండ్రటి చేతిరాతతో ఒక్కో గడీ నింపుతూ పైకి చదివాడు. వస్తువు, రాయి. విశేషణం, న్యూఫౌండ్. కనుగొన్నవారు, శ్రీ ప్రకాశం గారు, ఇన్స్పెక్టర్. కనుగొన్న నాటికి స్థలం స్థితి...

"ప్రకాశం సారు ఏం రాసినాడో చూస్తాం ఉండు. ఆఁ. 'బీడు. ఈ ఏడాది సాగు చేసిన ఆనవాళ్ళు లేవు.'"

"సార్, మీరే కదా సార్ మడక పెట్టొద్దన్యారు."

"అన్నాం. ఎందుకు అన్నామనే గడి ఇందులో ల్యా. ఎట్లుండాదనే గడే ఉండాది. చూసింది చూసినట్టు రాయాల కదా." వేణుగోపాల్ తరువాతి గడికి పోయాడు. "బీడు కాబట్టి, ఈ ఆవిష్కరణ వల్ల నష్టపోయిన రైతులు: లేరు."

పుల్లయ్య ఆ గడి వైపు చూశాడు. బొబ్బలెక్కిన భార్య వేళ్ళు గుర్తొచ్చాయి, పళ్ళెంలో వేయించిన విత్తనాలు గుర్తొచ్చాయి. అట్లా కాదు సార్ అని చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోటికి, ఇది తప్పని అర్జీ పెడితే ఫైలు మళ్ళీ మొదటికి పోతుందనీ, ఉలవలు చల్లడానికి ఇంకా పదిహేను రోజులే ఉన్నాయనీ కూడా తెలుసు.

"సంతకం పెట్టినంక చేను ఇడుస్తారా సార్?"

"రాయి లేపేదానికి లారీ సంక్రాంతికి లోపల వస్తాది. అంతదాకా దాని చుట్టూ ఎకరా వదిలి మిగతాది దున్నుకో. రాసిస్తా." వేణుగోపాల్ కలం మూత తీసి అందించాడు. "ఈడ సాక్షి అని ఉండాదే, ఆడ పెట్టు."

పుల్లయ్య అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. పక్కనే సాక్షి వృత్తి అని ఇంకో గడి ఖాళీగా ఉంది. రైతు అని రాయబోయాడు. వేణుగోపాల్ మెల్లగా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. రైతు అంటే పై గడితో పొసగదనీ, ఆడిట్లో దొరికిపోతామనీ నచ్చజెప్పి, కలం తనే తీసుకుని, శ్రమ అనుకోకుండా తన గుండ్రటి చేతిరాతతో నింపిపెట్టాడు: 'ఆ దారిన పోతున్న వ్యక్తి.'